జనమంతా ఒకే మొహంతో వస్తున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. బొమ్మలు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. మూడేళ్ళుగా మా ఊరి గంగమ్మ జాతర, జనం రోజుకో వేషం కట్టే జాతర, గీయాలని ప్రయత్నిస్తున్నాను. ఏటా మే నెలలో సెలవు పెట్టి వస్తాను, ఫోన్‌లో వందల ఫొటోలు తీసుకుంటాను, తిరిగి వెళ్ళాక వాటిని చూస్తూ అక్రిలిక్ రంగుల్లో వేస్తాను. ఈసారి మూడడుగుల కాన్వాసు మీద నాలుగు నెలలు కష్టపడ్డాను. చూసిన స్నేహితురాలు "బాగుంది గానీ అందరూ బొమ్మల కొలువులో పెట్టినట్టు ఉన్నారే" అంది. నిజమే, జనమంతా ఒకే మొహంతో వస్తున్నారు. ఉన్న రంగులన్నీ వాడాను, దూరం నుంచి చూస్తే బురదలా ఉంది. నిజం కుంకుమ, నిజం సున్నం కలిపి వేస్తే ఆ కళ వస్తుందా? ఇంకో సంగతి. మా అవ్వ "అమ్మవారి వేషంలో ఉండే మనిషిని గీయకూడదు, కళ్ళయితే అసలు పెట్టకూడదు" అంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళను గీయడం తప్పేమోనని నాకూ టెన్షన్‌గానే ఉంది. మా తమ్ముడు మొక్కు ఉండి ఏటా ఆడవేషం వేస్తాడు. వాడికి చీర కట్టి, నగలు పెట్టి పంపించి నేను ఫొటోల కోసం పరిగెత్తేసరికి మంచి వేషాలన్నీ ముందుకు వెళ్ళిపోతున్నాయి. నేనేం చేస్తే బాగుంటుంది?

జవాబు: మీరు పంపిన బొమ్మను పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. నాలుగు నెలల ఓపిక అందులో కనిపిస్తోంది. వెనక తాతయ్యగుంట గంగమ్మ గుడి, ఎడమ పక్క గోపురంలా కట్టిన సప్పరం ఎత్తుకున్న ఇద్దరు, మధ్యలో వేపాకు కట్టుకున్న పిల్లలు, చుట్టూ జనం. మొహాలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ముప్పై నాలుగూ మన వైపే చూస్తున్నాయి.

ఎందుకలా వచ్చిందో ఆలోచించండి. ఫోన్ పైకెత్తగానే చుట్టుపక్కల వాళ్ళు తలతిప్పి చూస్తారు. నడిచేవాడు అడుగు ఆపుతాడు, నవ్వేవాడు నవ్వు సర్దుకుంటాడు, పిల్లలు ముందుకు తోసుకొస్తారు. ఆ క్షణాన్నే మీరు నాలుగు నెలలు కూర్చుని గీశారు. పైగా ఫోన్ లెన్స్ వెడల్పుగా చూస్తుంది. దగ్గరున్న తల గుమ్మడికాయంత, నాలుగడుగుల వెనకున్న మనిషి చీమంత పడతారు, అంచుల్లో ఉన్నవాళ్ళ భుజాలు సాగిపోతాయి. రాత్రి పూట అయితే ఫోన్ తనంతట తనే వెలుతురు పెంచేస్తుంది, చీకట్లో ఉండాల్సినవాళ్ళు కూడా ట్యూబ్‌లైట్ కింద నిలబడ్డట్టు వస్తారు. ఇవన్నీ మీ బొమ్మలో ఉన్నాయి. మీ చెయ్యి బాగానే ఉందమ్మా. మీరు నమ్ముకున్న ఫొటోలే మిమ్మల్ని మోసం చేశాయి.

వచ్చే జాతరకు ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని అనను. చీర అంచు మీద డిజైను, సప్పరానికి కట్టిన కాగితప్పూల రంగు, గుడి స్తంభం కొలత, ఇలాంటివి గుర్తుపెట్టుకోవడానికి ఫొటో బాగా పనికొస్తుంది. మనుషుల్ని మాత్రం కళ్ళతో చూసి, చేత్తో గీసి తెచ్చుకోండి. పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. అరచేతిలో పట్టే నోట్‌బుక్కు, ఒక 4బీ పెన్సిలు, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు చాలు. ఆ ఎండలో అక్రిలిక్ బయటికి తీస్తే బ్రష్ ముంచేలోపు రంగులు కలిపే పలకమీదే ఎండిపోతుంది, దాని జోలికి పోవద్దు.

నేను ఈ తప్పు చేసే నేర్చుకున్నాను. నాకు పాతికేళ్ళప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళకు, ఎత్తుగా కట్టి అలంకరించే ప్రభలు గీద్దామని ఇంత పెద్ద డ్రాయింగ్ బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళాను. బోర్డుకి కాగితం క్లిప్పు పెట్టేలోపే చుట్టూ నలభై మంది. ప్రభ కనపడదు, గాలి ఆడదు, వెనక నుంచి ఎవరో "ఆ కర్ర వంకరొచ్చింది" అని సలహా. గంటసేపు అవస్థ పడి, బోర్డు ఒక షోడా బండాయన దగ్గర పెట్టి, గాజులమ్మే ఆవిడ కొట్టు పక్కన నీడ ఉంటే అక్కడ కూలబడ్డాను. సంచిలో ఇంటి పద్దులు రాసుకునే చిన్న పుస్తకం ఉంది. ఊరికే కూర్చోలేక ఆవిణ్ణి గీయడం మొదలుపెట్టాను.

అప్పుడే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. తిరునాళ్ళలో ఎవరూ నిలబడరు, నిజమే. కానీ పనిలో ఉన్న మనిషి చేసిన కదలికనే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. గాజులావిడ ఒక చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంటుంది, తల పక్కకి వంచుతుంది, గాజు ఎక్కిస్తుంది, చెయ్యి వదిలేసి డబ్బు తీసుకుంటుంది. రెండు నిమిషాలకు ఇంకో చెయ్యి, మళ్ళీ అదే తలవంపు. రంగులరాట్నం తోసేవాడు మూడు అడుగులు పరిగెత్తి పైకి ఎగిరి కూర్చుంటాడు, చుట్టు తిరిగొచ్చాక మళ్ళీ దిగి మూడు అడుగులు. బొరుగులు కలిపేవాడు, చెరుకు గడ మిషన్‌లోకి తోసేవాడు, డప్పు వేడి చేసుకునేవాడు, అందరూ అంతే. కాబట్టి ఒకే పేజీలో నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి. మనిషి ఏ భంగిమలోకి వస్తే ఆ బొమ్మకు ఒక గీత చేర్చండి. కదిలిపోగానే వదిలేసి పక్క బొమ్మకి వెళ్ళండి. ఆ భంగిమ తిరిగి వస్తుంది. అరగంటలో నాలుగింటిలో రెండు నిలబడతాయి.

ఆ రోజు నేను గీసింది ఆవిడకి చూపించాను. మొహం బాగా కుదిరిందని నాకు గర్వంగా ఉంది. ఆవిడ తన మొహం వంక చూడనే లేదు. చేతుల దగ్గర వేలు పెట్టి "అట్టా పట్టుకుంటే గాజు పగిలిద్దమ్మా" అంది. నా చెయ్యే పట్టుకుని చూపించింది. బొటనవేలిని అరచేతిలోకి మడిచింది, చిటికెనవేలి కింది ఎముకను లోపలికి నొక్కింది, నా చెయ్యి సన్నగా చేపలా అయిపోయింది, గాజు జారిపోయింది. నేను గీసిన చెయ్యి ఏదో ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు వేళ్ళు చాపుకుని ఉంది. అందులో నొక్కు లేదు. ఆ తర్వాత మళ్ళీ గీసిన బొమ్మలో మొహం సగం కొంగు చాటున పోయింది, అయినా చూసిన ప్రతివాళ్ళూ "గాజులావిడ" అని వెంటనే గుర్తుపట్టారు.

మీ ముప్పై నాలుగు మొహాల సంగతి ఇక్కడే తేలుతుంది. ముక్కు ఒకరికి పొడుగు, ఒకరికి పొట్టి చేసినంత మాత్రాన మనుషులు వేరు కారు. ఎవరి చేతిలో ఏ బరువుంది, ఎవరు ఎటు ఒంగారు, ఎవరి కాలు నొప్పెడుతోంది, ఎవరు ఎవర్ని వెతుక్కుంటున్నారు, ఇవి తెలిస్తే మొహం లేకపోయినా మనిషి తెలుస్తాడు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి నడుము ఒక పక్కకి ఒరుగుతుంది. అంబలి కుండ దించినావిడ భుజం పైకీ కిందికీ ఆడిస్తుంది. మొదటిసారి జాతరకొచ్చిన అల్లుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెడతాడు, తీస్తాడు. మీ ఊరివాళ్ళని మీకంటే ఎవరు బాగా ఎరుగుదురు?

జనాన్ని ఎలా పెట్టాలో ఇద్దరు పాతకాలపు చిత్రకారుల దగ్గర చూడండి. వాళ్ళది వేరే దేశం, వేరే సంతలు. మనలాంటి చిక్కే వాళ్ళకీ వచ్చింది. ఫ్రాన్స్‌లో జార్జ్ సెరా అనే చిత్రకారుడు 1887 వసంతంలో పారిస్‌లో జరిగే ఒక తిరునాళ్ళకు వెళ్ళాడు. అల్లపు రొట్టెల సంత అని పేరు దానికి. అక్కడ ఒక సర్కస్ గుడారం బయట, టికెట్లు కొనమని జనాన్ని పిలవడానికి వాద్యాలు వాయించేవాళ్ళు. రాత్రి, గ్యాసు దీపాల వరస, మధ్యలో ఎత్తు మీద ట్రాంబోన్ అనే బాకా ఊదే మనిషి. మరి జనం? బొమ్మ అడుగున ఒక వరసగా నల్లటి తలలు, టోపీలు, భుజాలు. ఎక్కువగా వీపులూ పక్కచూపులే. ఇక టోపీల తేడాను బట్టి ఎవరు డబ్బున్నవాళ్ళో ఎవరు కూలివాళ్ళో తెలిసిపోతుంది. చూసే మనం కూడా ఆ తలల వెనక నిలబడి మునివేళ్ళ మీద తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఇంటర్నెట్‌లో పెద్దది చేసుకుని చూడొచ్చు. మీ కాన్వాసులో ముందు వరస మొత్తాన్ని ఇలా వెనక్కి తిప్పేయండి. మనకి టోపీలు లేకపోతేనేం? జడలు, కొప్పులు, మల్లెపూలు, తిరుమల గుండ్లు, తలపాగాలు, నాన్న భుజాల మీదెక్కిన పిల్లల కాళ్ళు ఉన్నాయి. పసుపు రాసిన గుండు ఒక్కటి చాలు, అది తిరుపతి అని చెప్పడానికి.

రెండోవాడు బ్రూగెల్. 1559లో ఆయన వేసిన ఒక బొమ్మలో విందుల పండగ కార్నివాల్‌కీ ఆ తర్వాత వచ్చే ఉపవాసాలకీ మధ్య యుద్ధం ఉంటుంది. ఒక బానపొట్ట మనిషి పీపా మీదెక్కి, మాంసం గుచ్చిన ఊచ పట్టుకుని వస్తాడు. ఎదురుగా బక్కచిక్కిన ఉపవాసం, చేతిలో రెండు చేపలు. చుట్టూ సుమారు 200 మంది. అంతమందిని ఎలా ఇమిడ్చాడంటే, మేడ మీద నుంచి చూస్తున్నట్టు నేలను పైకి లేపేశాడు. అందుకని ఒకరి వెనక ఒకరు దాక్కోరు. ఒక్కొక్కరూ ఏదో ఒక పనిలో ఉంటారు. మనల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు. మీరు జాతర మొత్తాన్నీ చూపించాలనుకుంటే ఎవరింటి మిద్దె మీదికైనా ఎక్కండి. రోడ్డు మీద నిలబడి గీస్తే మీకు వచ్చేది మొదటి రెండు వరసలే.

మన దగ్గర చేర్యాల నకాషీవాళ్ళు ఇంకో దారి పట్టారు. పొడవాటి గుడ్డను అడ్డంగా పట్టీలు పట్టీలుగా విడగొట్టి, ఎర్రటి నేల మీద ఒక్కో పట్టీలో కథలో ఒక్కో ఘట్టం వేస్తారు. దూరం, దగ్గర, నీడ అనే గొడవే లేదు. కథ చెప్పేవాడు పటం విప్పుకుంటూ పోతాడు. మీ జాతర కూడా కథే కదా. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి గంగమ్మ వెంటాడితే వాడు దాక్కున్నాడు, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం వేసింది, చివరికి దొర వేషానికి వాడు బయటపడ్డాడు. అంటే ఆ వేషాలన్నీ ఒక మనిషిని వెతుకుతున్న వేషాలు. ఈ మాట మీరు చిన్నప్పట్నుంచీ విన్నదే, కానీ బొమ్మలో ఎక్కడా లేదు. మీ వేషగాళ్ళు కెమెరా కోసం నిలబడ్డారు. వాళ్ళ చూపు సందుల్లోకి, తలుపుల వెనక్కి పోవాలి.

రంగుల సంగతికి వస్తాను. బురద ఎందుకొచ్చిందంటే వారం రోజుల జాతరను ఒక్క కాన్వాసులో కుక్కారు. మీకు తెలియంది కాదు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. మంగళవారం రాత్రి చాటింపు అయ్యాక బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్లటి నామంకొమ్ము, అంటే నామాలు పెట్టుకునే సుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు పొడి, వేపాకు. శనివారం దొర వేషం, గంధం. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపు కుండలు, నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు. మంగళవారం జాతర. రోజుకో రంగు చొప్పున అమ్మవారే పంచి పెట్టింది. మీ ఊరు ఒక రోజంతా తెల్లగా తిరుగుతుంది, మర్నాడు ఎర్రగా తిరుగుతుంది. మీరు ఆ తెలుపు, ఎరుపు, నలుపు, గంధం, ఆకుపచ్చ అన్నీ పక్కపక్కన పెట్టి, పైన నీలి ఆకాశం కూడా వేశారు. ఏ రంగూ ఇంకోదాన్ని బతకనివ్వలేదు. మేలో తిరుపతి మధ్యాహ్నం ఆకాశం నీలంగా ఎక్కడుంటుంది? సున్నం కొట్టిన గోడలా తెల్లగా మండిపోతుంది.

ఒక రోజు ఎంచుకోండి. బండ వేషం రోజు అనుకుందాం. కుంకుమ పూసుకున్న ఒంటిని దగ్గర నుంచి చూశారా? ఎండ తగిలే భుజం నారింజలోకి పోతుంది, అక్కడ ఎరుపులో కొంచెం పసుపు కలపాలి. నీడవైపు వీపు దానిమ్మగింజ రంగు, అక్కడ క్రిమ్సన్ అనే ముదురెరుపులో చిటికెడు నీలం. నలుపు మాత్రం కలపొద్దు, ఎరుపులో నలుపు పడితే ఎండిన నెత్తురులా చచ్చిపోతుంది. పన్నెండు గంటలయ్యేసరికి చెమట ధారలు కట్టి మెడ నుంచి కిందికి జారుతుంది, ఆ ధార పోయినంత మేరా కుంకుమ కరిగి మనిషి అసలు చర్మం గీతలు గీతలుగా బయటపడుతుంది. ఆ గీతలు గీస్తే ఆ మనిషి ఎంతసేపటి నుంచి నడుస్తున్నాడో చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. అలాగే తోటి వేషంలో బొగ్గు పూసిన ఒళ్ళు మనం అనుకునే నలుపు కాదు. ఆకాశం వెలుగు పడ్డ భుజాల మీద నీలి బూడిద, పొట్ట దగ్గర ముదురు గోధుమ. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ గోధుమరంగు కలిపితే ఆ నలుపు వస్తుంది, ట్యూబులో అమ్మే నలుపు కంటే అది ఎంతో మేలు. గంధానికి యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు, తెలుపు సరిపోతాయి. సున్నపు చుక్కలు అన్నిటికంటే ఆఖర్న, కడిగిన బ్రష్‌తో, ఒక్కసారే పెట్టి వదిలేయండి.

కాన్వాసు తెల్లగా ఉండగా మొదలుపెట్టకండి. పల్చటి ఇటుక రంగు మొత్తం పూసి ఆరనివ్వండి. పై రంగుల సందుల్లోంచి అది అక్కడక్కడా కనపడుతూ బొమ్మ అంతటినీ ఒక కుటుంబం చేస్తుంది. అక్రిలిక్ తడిమీద ఉన్నదానికంటే ఎండాక కాస్త ముదురుగా అవుతుంది, కాబట్టి అనుకున్నదానికంటే ఒక పిసరు తేలికగా కలుపుకోండి. ఎరుపు ఎంత దూరం పోగలదో చూడాలంటే తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీల బొమ్మలు చూడండి. నల్లటి ఒళ్ళు, ఎర్రటి చీర, ఇంత బొట్టు. వేసేవి నాలుగైదు రంగులు, అయినా కళ్ళు తిప్పుకోలేం.

నిజం కుంకుమ వద్దు. పసుపుతో చేసిన కుంకుమ రంగు వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. పసుపుకీ సున్నానికీ పడదని మీకు తెలుసు, పారాణి ఎర్రబడేది వాటి కలయికతోనే. రెండూ పక్కపక్కన పెడితే మీరు వేసిన రంగు ఒకటి, అది మారే రంగు ఇంకొకటి. బజారు కుంకుమలో ఏం కలుపుతారో అమ్మేవాళ్ళకే తెలియాలి. సున్నం గుడ్డమీద నిలవదు, పెళుసుబారి రాలుతుంది. బొగ్గు మాత్రం ధైర్యంగా వాడండి. బొగ్గు వెలవదు. గీశాక పైన ఫిక్సేటివ్ అనే స్ప్రే కొట్టుకుంటే చెరిగిపోదు. పొయ్యిలో బొగ్గు ముక్కతో ముతక కాగితం మీద తోటి వేషం గీసి చూడండి, వేషానికి పూసేదీ బొమ్మకి పూసేదీ ఒకటే అవుతుంది.

అవ్వ మాట తీసి పారేయకండి. మీరు బొమ్మలు వేసేవారు కాబట్టి ఆమె చెప్పినదాంట్లో అర్థం మీకే ముందు తట్టాలి. విగ్రహం చేసే శిల్పి కళ్ళు ఆఖర్న తెరుస్తాడు, అప్పటిదాకా అది రాయి. కళ్ళు పెడితే ప్రాణం వస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. ఆ వేషంలో ఉన్నంతసేపూ అతను పక్కింటి అబ్బాయి కాదు, అమ్మవారు. కాళ్ళ మీద పడి దండం పెడుతున్న మనిషి పక్కన నిలబడి మీరు పెన్సిలు తీయలేరు, తీయకూడదు కూడా. నా పద్ధతి చెబుతాను. ఒంటిమీదికి అమ్మవారు వచ్చి ఊగుతున్నవాళ్ళను నేను అక్కడ గీయను. చూస్తాను, దండం పెడతాను, ఇంటికొచ్చి గుర్తున్నంత గీస్తాను. గుర్తులేని మొహం గుర్తులేనట్టే వదిలేస్తాను. మీరు కూడా ఆ కళ్ళను మూసి ఉంచొచ్చు, జుట్టు అడ్డం వేయొచ్చు, వీపు గీయొచ్చు. అవ్వకి చూపించి "ఇట్ల ఫర్వాలేదా?" అని అడగండి. ఆమె అడ్డుపెట్టిన చోట బొమ్మ బాగుపడుతుందని నా అనుభవం.

తెలియనివాళ్ళ విషయంలో టెన్షన్ పడొద్దు, అడగండి. కొట్లవాళ్ళను ముందే అడిగి, ఏదో ఒకటి కొని కూర్చోండి. గీసింది వాళ్ళకి చూపించండి. నవ్వితే సరే, మొహం ముడుచుకుంటే ఆ పేజీ వాళ్ళకే ఇచ్చేయండి. పిల్లల్ని గీసేటప్పుడు తల్లినో తండ్రినో అడక్కుండా మొదలుపెట్టకండి. బొమ్మ అమ్మేదాకా వస్తే, మొహం గుర్తుపట్టేలా ఉన్న మనిషికి చెప్పి అమ్మడం మర్యాద. మరుసటి జాతరకు ఒక ప్రింటు తీసుకెళ్ళి చేతిలో పెట్టండి. ఆ తర్వాత మీకు ఆ కొట్టు దగ్గర ఎప్పుడూ కూర్చోవడానికి చోటు ఉంటుంది.

ఇక మీ తమ్ముడు. ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు అక్కడే కాలు ఆగిపోయింది. మీసం ఉన్న మగపిల్లవాడు మొక్కు కోసం చీర కట్టుకుంటాడు, ఆ చీర కట్టేది అక్క. అది ఒక్క వాక్యంలో రాసేసి మంచి వేషాలు వెళ్ళిపోతున్నాయని బాధపడ్డారు. ఆ మధ్య 'పుష్ప 2' సినిమా వచ్చినప్పటి నుంచి మగవాడు చీర కట్టుకున్న బొమ్మలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. అన్నిట్లోనూ అదే కోపం, అదే పోజు. మీ ఇంటి నడవలో జరిగేది వాటిల్లో ఒక్కదాంట్లోనూ లేదు. ఎందుకంటే వేసినవాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు, నేను ఊహించుకుంటున్నాను. వాడు చేతులు పక్కకి చాచి నిలబడి ఉంటాడు, ఊపిరి బిగబట్టమంటారు మీరు. మీ పళ్ళ మధ్య రెండు పిన్నీసులు. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మడతలు లెక్కపెడుతుంటారు. అమ్మ జాకెట్టు వాడి భుజాలకి పట్టక వెనక హుక్కు పడదు. అవ్వ మంచం మీద కూర్చుని అది సరిగ్గా లేదు, ఇది సరిగ్గా లేదని చెబుతుంటుంది. సవరం పెట్టి, పూలు చుట్టి, బొట్టు దిద్దగానే ఇల్లంతా ఒక్కసారి సద్దుమణుగుతుంది. అప్పటిదాకా తిట్టిన నోటితోనే అవ్వ దండం పెడుతుంది. అలాంటిదేదో మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఒకరిద్దరు మనుషులు, కిటికీలోంచి వచ్చే ఒకే వెలుగు, ఒక చీర రంగు. మీ చేతులకు కుచ్చిళ్ళు పట్టడం ఎలాగో తెలుసు కాబట్టి నా గాజులావిడ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయరు.

ఒక్కటే జాగ్రత్త. అందులో నవ్వు పుట్టించే ప్రయత్నం ఎక్కడా చేయకండి. చీర, మీసం పక్కపక్కన పెడితే చూసేవాళ్ళకి నవ్వు వస్తుందేమోనని కొందరు మీసం తీసేస్తారు, కొందరు కావాలని పెద్దది చేస్తారు. ఉన్నది ఉన్నట్టు గీయండి. మీ ఊళ్ళో దాన్ని చూసి ఎవరూ నవ్వరు కదా, ఆ చూపే బొమ్మలోకి రావాలి.

మీరు చీర కడుతూ గీయలేరు, నిజమే. అందుకని ఈసారి రెండు పనులు చేయండి. జాతరకు నెల ముందు ఏదో ఆదివారం ఇంటికొచ్చి, వాణ్ణి అలా చేతులు చాచి నిలబెట్టి, వేషం లేకుండా మామూలు లుంగీలోనే భుజాలు, మెడ, పాదాలు గీసుకోండి. కొలతలు మీ చేతిలో ఉంటాయి. జాతర రోజు చీర కట్టే పని మీదే, అది ఎవరికీ ఇవ్వొద్దు. కట్టి పంపించాక వీధిలోకి పరిగెత్తకుండా అక్కడే పది నిమిషాలు కూర్చుని, ఇప్పుడే చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టేయండి. మంచం మీద మిగిలిన పూలు, కిందపడ్డ పిన్నీసులు, వాడు విప్పి పడేసిన షర్టు కూడా గీయండి. సాయంత్రం దాకా మీకు తీరికే.

వాడు తిరిగొచ్చేసరికి బొట్టు చెదిరి, సవరం జారి, చీర అంచు దుమ్ము కొట్టుకుని ఉంటుంది, కాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి. అరుగు మీద కూలబడతాడు. చెంబెడు నీళ్ళు తాగేదాకా ఆగి, నగలు తీయకముందే, ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చోమని అడగండి.